వార్త చదివిన గొంతు, మా యూరి మాట

2024 ఏప్రిల్ 5వ తేదీన శాంతిస్వరూప్ గారు హైదరాబాదులో కన్నుమూసిరి. మరునాటి పత్రికలు ఆయనను దూరదర్శన్‌లో తొలి తెలుగు వార్తా చదువరిగా స్మరించినవి. తొలివారగుట గొప్పయే. కాని అందులో కాలము చేసిన పని కూడ కొంత యుండును. ఆ కుర్చీలో ఎవరో ఒకరు మొదట కూర్చుండక తప్పదు గదా. ఆయన ఆ కుర్చీలో కూర్చుండి యేమి చేసిరో, దాని నెట్లు చేసిరో చెప్పినవారు తక్కువ. ముప్పదియేండ్లు బోధను ప్రాంతపు బడులలో తెలుగు చెప్పి, ఇప్పుడింట కూర్చున్న నాబోటి పంతులుకు ఆ సంగతియే ముఖ్యముగా తోచినది. దానితో ముడిపడిన నా తప్పు కూడ ఒకటి కలదు. అదియు నిచ్చట చెప్పుకొందును.

హైదరాబాదు దూరదర్శన్ కేంద్రము 1977 అక్టోబరు 23న ఆరంభమైనది. అంతకు ముందు 1975–76లో ఉపగ్రహము ద్వారా పల్లెలకు బోధనా ప్రసారములు పంపిన ప్రయోగ మొకటి జరిగినది. ఆరు రాష్ట్రములలోని 2400 గ్రామములకు ఆ ప్రసారములు చేరినవి. వానిలో నాటి ఆంధ్రప్రదేశపు పల్లెలును కలవు. అయినను తెలుగు వార్తలు తెరమీద వినబడుటకు 1983 నవంబరు 14 వరకు ఆగవలసి వచ్చినది. ఆనాడు బాలల దినోత్సవము. ఆ దినము శాంతిస్వరూప్ గారు తెరమీదికి వచ్చి వార్తలు చదివిరి. రేడియోలో తెలుగు వార్తలు అప్పటికే పాతబడిన సంగతి. ఢిల్లీ నుండి వానిని చదివినవారిలో, తరువాత నటుడుగా పేరు పొందిన కొంగర జగ్గయ్య గారొకరు. అయితే రేడియోలో గొంతుకు ముఖము లేదు. వినువాడు తనకు నచ్చిన ముఖమును ఆ గొంతుకు తగిలించుకొనెడివాడు. తెరమీద ఆ వీలు లేదు. చదువువాని కన్ను చూచువాని కన్నును కలిసికొనవలెను. చిక్కంతయు నక్కడనే యున్నది.

నేటి స్టూడియోలలో కెమెరాకు ముందు వాలుగా నొక గాజుపలక యుండును. క్రింద నమర్చిన చిన్న తెరమీద అక్షరములు ఎడమ కుడులు మారి నడచుచుండును. గాజుపలక వానిని ప్రతిబింబించి చదువరి కన్నుల కెదురుగా సరియైన తీరున చూపును. పలక వెనుక నున్న కెమెరాకు మాత్ర మా యక్షరములు కనబడవు. అందుచేత చదువరి చదువుచున్నను, మనవంక చూచి మాటాడుచున్నట్లే తోచును. దీనినే టెలిప్రాంప్టర్ అందురు. శాంతిస్వరూప్ గారికి మొదటి పదియేండ్లు ఈ సాధనము లేదు. చేతిలో కాగితములు, ఎదుట కెమెరా. కాగితము మీదనే కన్ను నిలిపినచో ప్రేక్షకునకు నడినెత్తి కనబడును. పైకి చూచినచో చదువుచున్న వరుస తప్పును. ఆయన వార్తను ముందుగా మనస్సున పట్టుకొని, తల యెత్తి చెప్పెడివారు.

ఇందులోని కష్టము ఉపాధ్యాయులకు చెప్పనక్కరలేదు గాని, విద్యార్థుల కొరకు కొంచెము విప్పి చెప్పుదును. తెలుగు వాక్యమున క్రియ చివర వచ్చును. "ముఖ్యమంత్రి రేపు ఢిల్లీకి" అన్నంతవరకు ఆయన వెళ్లుచున్నాడో, వెళ్లుట లేదో తెలియదు. ఇంగ్లీషులో క్రియ ముందుగానే పడిపోవును. మిగిలినది దాని వెంట నడచివచ్చును. ఇంగ్లీషున వచ్చిన వార్తను గడియారము చూచుకొనుచు తెనిగించినప్పుడు "చేసిన, చేయుచున్న, చేయబోవు" అను మాటలు చెరుకు లారీలవలె ఒకదాని వెనుక నొకటి నిలిచిపోవును. వాక్యమును గమ్యము చేర్చవలసిన క్రియ అన్నిటికిని కడపట నుండును. అట్టి వాక్యమును చదువువాడు మొదటి మాట పలుకునప్పటికే చివరి మాట యెరిగి యుండవలెను. లేనిచో ఊపిరి తప్పుచోట తీసికొనును, అర్థము విరిగిపోవును. కన్ను చదివి నోరు పలికిన చాలదు. నడుమ బుద్ధి పనిచేయవలెను. మా బడులలో పిల్లలచేత పాఠము బిగ్గరగా చదివించునప్పుడు మేము శకారము సకారము కాకుండ చూచితిమి, ళకారము లకారము కాకుండ చూచితిమి. ఈ నడిమి పని జరుగుచున్నదా లేదా యని చూచినవారము కాము.

తెరమీద పేరు వచ్చినవారు ఆ పేరుతోనే తృప్తి పడుట సామాన్యము. శాంతిస్వరూప్ గారు నవలలు వ్రాసిరి. భోపాలు విషవాయు దుర్ఘటనపై "రాతిమేఘం", క్రికెట్ మీది మోజు గురించి "క్రేజ్", సతీసహగమనమున కెదురుగా "అర్ధాగ్ని". ఈ మూడు విషయములను ఆనాటి వార్తల ప్రక్కన పెట్టి చూడుడు. 1983 జూన్ 25న భారత జట్టు ప్రపంచ కప్పు గెలిచినది. అయిదు నెలలు నిండకముందే ఆయన వార్తలు చదువుట మొదలుపెట్టిరి. 1984 డిసెంబరులో భోపాలు, 1987లో రాజస్థానమున రూప్ కన్వర్ చితి. ఇవన్నియు వార్తల బల్లమీద ఒకటి రెండు నిమిషములు పలికి దాటిపోవలసిన సంగతులు. పలికి దాటిపోయిన మాట ఆ మనిషిని విడువక వెంట వచ్చినదని నేననుకొందును. రాత్రి విషవాయువు వార్త చదివి, ఇంటికి పోయి సుఖముగా నిద్రించువాడు ఆ నవల వ్రాయడు. ఆయన భార్య రోజారాణి గారును దూరదర్శన్‌లో పనిచేసినవారే. 2011లో ఆయన పదవీ విరమణ చేసిరి. వృత్తి చరిత్ర ఇంతే. మిగిలినదంతయు చదివిన తీరులో నున్నది.

ఇక మా సంగతి. మా వీథిలో మొదట నొక్క యింటనే టీవీ పెట్టె యుండెడిది. గాలి కొంచెము గట్టిగా వీచినచో తెరమీద ముగ్గుపిండి చల్లినట్లయ్యెడిది. ఒక కుర్రవాడు మిద్దె యెక్కి యాంటెన్నా గొట్టమును త్రిప్పుచు "అచ్చిందా?" అని కేక వేయును. క్రింద నుండి "అచ్చె అచ్చె... మల్ల పోయె" అని పదిమంది బదులు పలుకుదురు. ఇంతలో వార్తల వేళ యగును. అందరును ఊరకుందురు. చదువురాని ముసలివారు కూడ ఆయన మాట విని తల యూపుట నేను చూచినాను. అందులో మా యూరి మాట యొక్కటియు లేదు, అయినను వారికర్థమైనది. ఆయన తా నర్థము చేసికొని చెప్పుటచేతనే అది వారికర్థమైనదని నేడు నాకు తెలియుచున్నది. ఆనాడు నేను వేరు విధముగా తెలిసికొంటిని. భాష "శుద్ధమై" యుండుటచేత నర్థమైనదనుకొంటిని. ఆ శుద్ధభాషను బెత్తముగా జేసికొని తరగతిలోనికి పోయితిని.

1990ల నాటి మాట. మా బడిలో ప్రొద్దుటి ప్రార్థన తరువాత ఒక విద్యార్థి వార్తలు చెప్పు నేర్పాటు చేసితిని. పత్రికలోని వార్తలు మూడు, మన యూరి వార్త యొకటి. చలికాలము, చెరుకు నరికి తోలుచున్న రోజులు. ఆనాటి వంతు ఎనిమిదవ తరగతి బాలికది. చెరుకు రైతు బిడ్డ. పత్రిక వార్తలు మూడును తడబడుచు చదివినది. ఊరి వార్తకు వచ్చునప్పటికి కాగితము మడిచి, తల యెత్తి, నిలుకడగా చెప్పినది: "ఫ్యాక్ట్రీల గానుగ షురువైంది. చెరుకు బండ్లు గేటు కాడికెల్లి సడక్ దాకా లైను కట్టినయ్. మా బాపు రాత్రి బండి మీదనే పండుకున్నడు."

నేనామెను నడుమనే ఆపితిని. "సడక్ కాదమ్మా, రహదారి. షురువైంది కాదు, ప్రారంభమైనది. మీ బాపు ఎక్కడ పండుకొన్నాడో వార్తలలో చెప్పరాదు. 'కర్మాగారమునందు చెరకు పిండు కార్యక్రమము ప్రారంభింపబడినది' అనవలెను," అంటిని. పిల్లలు గొల్లున నవ్విరి. నేనును నవ్వితిననియే జ్ఞాపకము. ఆ బాలిక నేను చెప్పిన వాక్యమును మరల చెప్పి దిగిపోయినది. ఆ యేడంతయు మరి వేదిక మీదికి రాలేదు. వంతు వచ్చినప్పుడెల్ల గొంతు బాగులేదని చెప్పెడిది.

ఆ రెండు వార్తలను ఇప్పుడు ప్రక్కప్రక్కన పెట్టుకొని చూచుచున్నాను. ఆమె చెప్పినదానిలో బండ్లు కలవు, వాని వరుస యెంత పొడవో కలదు, బండిమీద చలిలో పడుకొన్న మనిషి కలడు. నా వాక్యమున నివేవియు లేవు. అందులో చెరుకు పిండువాడును లేడు, పండించినవాడును లేడు, "ప్రారంభింపబడినది," అంతే. శాంతిస్వరూప్ గారివలె తల యెత్తి, అర్థమెరిగి చెప్పినది ఆ బాలికయే. ఆయన నెరుగుదు ననుకొన్న నేను గుర్తింపలేకపోతిని. శక్కర్‌నగరులో 1930లలో వెలసి, ఆసియాలో పెద్దదని పేరు మోసిన నిజాం చక్కెర కర్మాగారము బోధనుకు దీపముగా నుండెడిది. 2002లో అది ప్రైవేటు భాగస్వామ్యమున పడినది. 2015 డిసెంబరు 23న లేఆఫ్ ప్రకటించి మూసినారు. తోలుకొని పోవుటకు ఫ్యాక్టరీయే లేని యూళ్లలో బండ్ల వరుస యెక్కడిది? ఆ చిన్నది చెప్పిన మూడు వాక్యములను ఆనాడు వ్రాయించి బడిలో దాచియుంచినచో, అవి నేడు మా యూరి చరిత్ర యగును గదా యని చింతించుచుందును.

2012లో వీ6 వార్తాప్రసారములు మొదలైనవి. వానిలో "తీన్మార్ వార్తలు" అను కార్యక్రమమున తెలంగాణ పలుకుబడిలోనే వార్తలు చెప్పసాగిరి. అందులో "సావిత్రి"యను పేరున కనబడిన శివజ్యోతి మా నిజామాబాదు జిల్లా ఆడబిడ్డయే. 2019లో బిగ్‌బాస్ కార్యక్రమమున ఆమె సొంతపేరున పాల్గొన్నను, జనులు సావిత్రి యనియే పిలిచిరి; వేసిన వేషపు పేరు సొంతపేరును మ్రింగివేయుట నాటకరంగమున పాత సంగతియే. ఆమె మాట మొదటిసారి విన్నప్పుడు నాకు ప్రాణము లేచివచ్చినది. మా వాడకట్టు స్త్రీలు బావికాడ మాటాడునట్లు, అదే రాగముతో, అదే విసురుతో తెరమీద నొకతె మాటాడుచున్నది. దానితోపాటు మూలనున్న నా పాతతప్పు కూడ లేచి కూర్చున్నది.

కొన్ని దినములు చూచిన తరువాత వేరొక సంగతి గుర్తించితిని. ఆ మాట వచ్చినప్పుడెల్ల చూచువారు నవ్వుచున్నారు. నవ్వుటకే ఆ కార్యక్రమము. అది తప్పు కాదు. ఎత్తిపొడుపు మా పలుకుబడికి సహజాభరణము. కాని వరద వచ్చినప్పుడు, బడ్జెటు పెట్టినప్పుడు, పెద్దమనిషి పోయినప్పుడు తెరమీద మరియొక తెలుగు వచ్చి కూర్చుండును. మా మాటకు వాకిట పీట వేసినారు. నట్టింట పీట వేయలేదు. జ్యోతి వంటి వారి శక్తిపై నాకెట్టి సందేహమును లేదు. అదే పలుకుబడిలో ఒక రైతు చావును గంభీరముగా చెప్పగల గొంతుకు మనము అవకాశమిచ్చితిమా యన్నదే నా ప్రశ్న. నవ్వించుటకు పనికివచ్చిన భాష ఏడ్చుటకు, ఆలోచించుటకు పనికిరాదా? ఆనాడు మా ప్రార్థన వేదిక ముందు పిల్లలు నవ్విన నవ్వు, ఈనాడు తెర ముందు మనము నవ్వు నవ్వు రెండును ఒకటి కావని నన్ను నేను నమ్మించుకొనజూచుచున్నాను; పూర్తిగా నమ్మకము కుదురలేదు.

ఇది చదివి, శాంతిస్వరూప్ గారి తెలుగును త్రోసివేయుమని నేను చెప్పుచున్నట్లు కొందరు మిత్రులు తలపవచ్చును. అది నా మతము కాదు. అన్ని జిల్లాలవారును వినవలసిన వార్తకు అందరును పోల్చుకొనగల భాష యుండవలెను. అది మాత్రమే భాష, తక్కినది మోటు అనుటతోనే నాకు తగవు.

ఆటల సంగతికి వచ్చిన ఈ తగవు మరింత స్పష్టమగును. ఏలయన, ఆటను చెప్పువానికి ముందుగా సిద్ధపరచిన కాగితము లేదు. హైదరాబాదులో 1961లో పుట్టిన హర్షా భోగ్లే పందొమ్మిదేండ్ల వయస్సుననే హైదరాబాదు ఆకాశవాణిలో క్రికెట్ వ్యాఖ్యానము చెప్పిరి. ఉస్మానియాలో కెమికల్ ఇంజనీరింగు, అహమదాబాదులో మేనేజిమెంటు చదివి, 1991–92లో ఆస్ట్రేలియా రేడియో పిలుపుపై అచ్చటికి పోయి, ఆటగాడు కాకయే ప్రపంచము మెచ్చిన వ్యాఖ్యాత యైరి. ఆయన చెప్పినది ఇంగ్లీషున. తెలుగులో క్రీడలకై స్టార్ స్పోర్ట్స్ ప్రత్యేక ప్రసారము 2018 డిసెంబరులో గాని రాలేదు. అందులో క్రికెట్, కబడ్డీ పోటీల నడుమ వింధ్య విశాఖ వంటి తెలుగు యువతులు క్రీడావ్యాఖ్యాత్రులుగా కనబడుట సంతోషింపదగినది.

ఇక్కడను క్రియ చివర వచ్చు చిక్కే. "బంతిని ఎడమవైపునకు బలముగా" అనునప్పటికి బంతి గీత దాటిపోవును. "కొట్టినాడు" అను మాట దానివెంట పరుగెత్తవలెను. మంచి వ్యాఖ్యాత వాక్యమును తుంచివేయును: "కొట్టిండు. పోయింది. గీత దాటింది." ఇది గ్రంథముల వాక్యము కాదు, గట్టుమీద కూర్చుండి ఆట చూచువాని వాక్యము. మా పిల్లలకిది పుట్టుకతో వచ్చినదే. కబడ్డీకి "కూత" అను మాట యెంత సొగసైనది! ఊపిరియే అక్కడ ఆట. ఆ మాటను తెలుగు వ్యాఖ్యాతలు వదలలేదు. వారికి నా జోహారులు.

నిజామాబాదు పేరు ప్రపంచమున వినబడినది ఆటలవలననే. పాకాల గ్రామపు పూర్ణ మాలావత్ 2014 మే 25న పదునాలుగేండ్లు నిండకుండనే ఎవరెస్టు శిఖర మెక్కినది. గుగులోత్ సౌమ్య దేశము తరపున ఫుట్‌బాల్ ఆడినది. నిఖత్ జరీన్ 1996లో నిజామాబాదులో పుట్టి, ఆ పట్టణమున శంసాముద్దీన్ గారి యొద్ద ముష్టియుద్ధము నేర్చి, విశాఖపట్టణమున శిక్షణ పొంది, 2022 మే 19న ఇస్తాంబూలు నగరమున ప్రపంచ విజేత యైనది. 2023లో ఢిల్లీలో మరల గెలిచినది. 2024 ఒలింపిక్సులో చైనా యువతి చేతిలో ఓడినది. గెలుపుతో పాటు అదియు మా పిల్లలకు చెప్పదగిన కథయే. ఇస్తాంబూలు గెలుపు మరునాడు నేను విన్న వార్తలలో మూడు మాటలు మాత్రము మారుమ్రోగినవి: "స్వర్ణము కైవసము చేసుకొన్నది, చరిత్ర సృష్టించినది, జిల్లాకు గర్వకారణము." అయిదుగురు న్యాయనిర్ణేతలు నామెకే గెలుపు నిచ్చిరి. కాని రెండవ రౌండులో థాయిలాండు యువతి జిట్‌పాంగ్ జుటామస్ పుంజుకొన్నది. ఆ గడియలో పోటీ చేజారవచ్చును. అది చెప్పినవారు నాకు వినబడలేదు. "కైవసము" అను మాట నా "ప్రారంభింపబడినది"కి తోబుట్టువు. అందులో పిడికిలి లేదు, చెమట లేదు, రెండవ రౌండు లేదు.

మొన్న మా దగ్గరి యూరిలో నొక బడివారు నన్ను పిలిచిరి. ఉపన్యాసము మాని, తొమ్మిదవ తరగతివారిని నిఖత్ ఆట చూచినవా రెవరైనను చెప్పుమంటిని. ఒక కుర్రవాడు లేచినాడు. సెల్‌ఫోనులో చూచినాడట. మొదట పుస్తకపు భాషలో "నిఖత్ జరీన్ గారు విజయము" అని యేదో యెత్తుకొని ఆగిపోయినాడు. "నీవు నీ దోస్తుకెట్ల చెప్తవో గట్లనే చెప్పు బిడ్డా," అంటిని. తోడి పిల్లలు నవ్విరి. వాడు నావంక చూచినాడు. నేను నవ్వలేదు.

"మొదటి రౌండుల నిఖతక్కదే పైచేయి సార్. రెండో దాంట్ల గా థాయిలాండు పిల్ల మీది కచ్చింది. అక్క జర ఎన్కకు జరిగింది. భయపడి కాదు సార్, జాగ జేసుకునేతందుకు..."

వెనుక బల్లమీద నవ్వుచున్న వాని వీపు మీద ప్రక్కవా డొక చరుపు చరచినాడు. "ఏయ్, ఊకోరా! మూడో రౌండు చెప్తుండు."